పోస్టుకార్డంత ఎడం

ఆ రోజుల్లో పెట్రోలు బస్సులు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వస్తుంటే మా బస్సు దారిలో ఆగిపోయింది. ప్రయాణికుల్లో ఒక ముసలాయన, మెకానిక్కట, దిగి ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. కిటికీలోంచి నా చేతిలోని పోస్టుకార్డు చూశాడు.

"అది ఇట్లియ్యమ్మా, నలగనీను."

మిలిటరీకి వెళ్ళిన మా ఆయన రాసిన ఒకే ఒక్క కార్డు. ఇవ్వబుద్ధి కాలేదు. బస్సంతా నన్నే చూస్తుంటే ఇచ్చాను.

దాని అంచును లోపలున్న రెండు చిన్న లోహపు బిళ్ళల మధ్య, పాయింట్లంటారట, పెట్టి, అంత ఎడం ఉండేట్టు బిగించాడు.

"ఇవి కలిసుంటే కాయిల్‌లో కరెంటు నిండుతాది, అంతే. విడిపోయినప్పుడే ప్లగ్గులో నిప్పురవ్వ పుడతాదమ్మా."

"మళ్ళీ కలుస్తాయా?"

"కలవకుంటే బండి యాడ నడుస్తాది?"

కార్డు తిరిగిచ్చాడు, అంచున నూనె మరకతో. బస్సు కదిలింది.

మా ఆయన రాలేదు. కార్డు మీద సిరా వెలిసిపోయింది. అంచున ఆ నూనె మరక మాత్రం అట్లాగే ఉంది.