నురగ దిగిన సీసాలు

ఎనభైల మొదట్లో, బార్కస్‌లోని ఒక దుకాణదారు నేను ఇంట్లో తయారుచేసిచ్చే షాంపూ తన కొట్లో పెట్టుకుంటానని మాట ఇచ్చాడు. ఆ పని కుదరకపోతే, ఒకప్పుడు మేం ఊరి దొరలుగా ఉన్నప్పుడు మా గడీలో లెక్కలు రాసినాయన కొడుకు కొట్లో నేను గుమాస్తాగా చేరాలి. మామయ్య ఆ ఏర్పాటు కూడా చేసి, నా కబురు కోసం ఎదురుచూస్తున్నాడు. అది తలుచుకుంటే చాలు, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి.

నురగ కోసం అమ్మే తెల్లటి జిగురు ముద్దను బేగంబజార్‌లో కొన్నాను. నీళ్లలో నెమ్మదిగా కలిపి, కాస్త ఉప్పు వేస్తే చిక్కబడుతుందని అమ్మినాయన చెప్పాడు. అలాగే గంగాళంలో కలిపి, సీసాలు కడగడానికి పెరట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ గంగాళం ముందు కూర్చుని కవ్వంతో చిలుకుతోంది. కుంకుడు రసమైనా సరే, నురగ పొంగేదాకా చిలకందే మా ఇంట్లో ఎవరి తలకూ పోసేవారు కాదు.

"ఏంది అమ్మా గది? ఆపు!"

"నురుగే లేదు గదరా. గిది పెట్టి రుద్దితే జిడ్డు పోతదా?"

చూస్తుండగానే తెల్లటి నురగ అంచు దాటింది. చూసి నేనూ ముచ్చటపడ్డాను. దాన్నే సీసాల మెడదాకా నింపి మూతలు బిగించాను.

మర్నాడు పొద్దున నాన్న షేర్వానీ తొడుక్కున్నాను. ఏం మోస్తున్నానో ఎవరికీ కనబడకుండా బుట్ట మీద శాలువా కప్పి, రిక్షాలో బార్కస్ చేరాను.

దుకాణదారు శాలువా తొలగించాడు. నురగంతా దిగిపోయి సీసాలు సగానికి వచ్చాయి.

"క్యా దొరా! సగం మీరే తలకు పోసుకున్నరా?"

కొట్టు ముందున్నవాళ్లంతా నవ్వారు. బుట్ట ఎత్తుకుని వెళ్లిపోదామనుకున్నాను. వెళితే ఎవరి కొట్టుకు వెళ్లాల్సి వస్తుందో గుర్తొచ్చింది.

"ఒకదాన్ల నుంచి ఇంకోదాన్ల పోస్త భాయ్. నిండినయే పెట్టుకో."

"ఈడనా? గిందరి ముందర?"

"ఈడనే."

ఆయన గరాటు ఇచ్చాడు. షేర్వానీతోనే కొట్టు మెట్టు మీద కూర్చుని పోయడం మొదలుపెట్టాను. పప్పు కొనడానికొచ్చిన ముసలామె వంగి చూసింది.

"నా తల గూడ రుద్దిపోతవా, దొరా?"

నేను ఇంకో సీసా మూత తీశాను. నిండిన సీసాలను ఆయన ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి అరలో పెట్టుకున్నాడు.

"జుమ్మాకు మళ్ల తెస్తరా?"

"శుక్కురారం తప్పక తెస్త."

మామయ్య ఇంటికి కబురు పంపలేదు. నేరుగా బేగంబజార్ వైపు వెళ్లే బస్సెక్కాను. ఇంకో ముద్ద కొనే తొందరలో, సీటు దొరికినా కూర్చోలేక, దారి పొడవునా నిలబడే ఉన్నాను.