ఐదు చింతగింజలు, మూడు గళ్లు

మీరు ఆవిడ మాట వినలేదు. "గడ్డిపరకలతో లెక్కలేంటి, పిల్లల్ని ఆడించి జీతం తీసుకుంటున్నారు" అన్నది మీరే. పిల్లల్ని ఒక్కొక్కరినే మన వీధి సర్కారు బడి మాన్పించి ప్రైవేటు స్కూలు పసుపు బస్సు ఎక్కించిందీ మీరే. మొన్న మంగళవారం తెల్లవారుజామున మా పక్కింటి టీచరుగారు గుండె ఆగి పోయారని తెలిసి దండలు పట్టుకొచ్చిందీ మీరే. దండలకి నేను అడ్డు చెప్పలేదు. కానీ నాలుగో రోజే, మిగిలిన పంతొమ్మిది మంది పిల్లల్ని హైవే అవతలి బడిలో కలిపేద్దామన్న మాట వచ్చినప్పుడు మీలో ఒక్కరూ నోరెత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మండపేటలో రైసు మిల్లుల వెనక వీధి మాది. కోతల రోజుల్లో ట్రాక్టర్ల మీంచి రాలిన ఎండుగడ్డిని ఆవిడ ఏరుకొచ్చేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని జానెడు ముక్కలుగా కత్తిరించేవారు. పది పరకలు పురికొసతో కడితే కట్ట. పది కట్టలు కలిపితే మోపు. కట్టేది మాత్రం పిల్లలే.

"మీరే కట్టేసి ఇస్తే టైము కలిసొస్తుంది కదండీ" అన్నానొకసారి.

"నేను కడితే పది అంటే ఏంటో నాకు తెలుస్తుంది. వాళ్లకెలా తెలుస్తుందండీ?"

మన పిల్లలు చాలామంది ఒక తప్పు చేస్తారు. నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తారు. ముందు నూరు వినపడింది, తర్వాత ఐదు వినపడింది, రెండూ పక్కపక్కన పెట్టేస్తారు. మా అమ్మాయి రెండో తరగతిలో అదే రాసింది. ప్రైవేటు స్కూల్లో వందసార్లు దిద్దించారు. చెయ్యి నొప్పి వచ్చింది గానీ లెక్క రాలేదు. అవును, ప్రైవేటు స్కూలే. మిమ్మల్ని తిడుతున్న నేనూ ఆ పసుపు బస్సే ఎక్కించాను.

పిల్లని పక్కింటికి తీసుకెళ్లాను. "తప్పేం రాసింది? విన్నది విన్నట్టు రాసింది" అన్నారు టీచరుగారు. సుద్దముక్కతో నేల మీద వందలకి, పదులకి, ఒకట్లకి మూడు గళ్లు గీశారు. "నూట ఐదు తెచ్చి పెట్టమ్మా." అమ్మాయి వందల గడిలో ఒక మోపు పెట్టింది, ఒకట్ల గడిలో ఐదు పరకలు పెట్టింది. మధ్య గడి వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇక్కడేం లేదండీ."

"లేదని నువ్వు రాయకపోతే, చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

అమ్మాయి సున్నా రాసింది. ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు.

కిందటి ఏడాది వాదన పెట్టుకుందామనే బడికి వెళ్లాను. ఇలా ఆటలతో కాలం గడిపితే పేదపిల్లలు రేపు పోటీలో ఎలా నిలబడతారని నా ప్రశ్న. ఆవిడ గింజల డబ్బా తెరిచారు. నా చేతిలో ఐదు చింతగింజలు పోశారు.

"ఐదూ వాడాలండి. మూడు గళ్లలో ఎలా సర్దినా ఒక సంఖ్య వస్తుంది. మొత్తం ఎన్నొస్తాయో చూడండి."

నా పక్కన మూడో తరగతి పిల్ల అదే పజిల్ పెట్టుకుని కూర్చుంది. మిల్లులో బస్తాలు మోసే ఆయన కూతురు. నేను పదహారు సంఖ్యలు రాసి లేవబోయాను.

"అప్పుడే లేచేస్తున్నారేంటండి అంకుల్? ఇంకా ఉన్నాయి" అంది.

తను ఐదు గింజలూ వందల గడిలోనే పెట్టింది. 500, ఒకటే సంఖ్య. వందల్లో నాలుగు ఉంచింది. 410, 401, రెండు. మూడు ఉంచితే మూడు సంఖ్యలు, రెండు ఉంచితే నాలుగు, ఒకటి ఉంచితే ఐదు, ఏమీ ఉంచకపోతే ఆరు. పలక మీద వరసలు మెట్లలా దిగాయి. ఇరవై ఒకటి.

"ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది" అన్నాను, ఓడిపోవడం ఇష్టంలేక.

"లేదండి. వందల్లోంచి తియ్యడానికి ఇంకేం మిగిలిందండీ?"

పాతికేళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను. ఇంతే, ఇంక లేదు అని అంత నిబ్బరంగా రుజువు చేసిన మనిషిని నేను చూడలేదు. ఆ దారి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, గింజలు జరుపుతూ తనే కనుక్కుంది. గళ్ల వంక మళ్లీ చూశాను. ఇక్కడ ఒకటైన గింజే రెండు గళ్లు జరిగితే వంద. వెంటనే నాలోని ఉపన్యాసకుడు లేచాడు. "చూశారా టీచరుగారూ, సమాజంలో కూడా మనిషి విలువ..."

"అది మీ మీటింగులో చెప్పుకోండి" అన్నారావిడ. "ఇక్కడ గింజ గింజేనండి. పిల్లని ఇంకాసేపు చూసుకోనివ్వండి."

ఆవిడ అప్పుడు నన్ను చూడటం లేదు. పలక వంక చూస్తున్నారు, తను కూడా ఆ మెట్లు మొదటిసారి చూస్తున్నట్టు. అన్నేళ్లలో ఎంతమంది పిల్లలు వేశారో ఆ మెట్లు. అయినా ఆ మొహం అలాగే ఉంది.

ఆ పిల్ల తండ్రి నిన్న నాతో అన్నాడు. "లారీల మధ్య హైవే దాటించి పంపలేనండి. ఇంట్లో చంటిదాన్ని చూసుకుంటూ ఉంటుంది లెండి."

మీ సంతాపం నాకొద్దు. ఇవి కావాలి.

బడిని కలపనివ్వొద్దు.

ఈ నెలలోనే ఇంకో టీచర్ని వేయించాలి.

గడ్డికట్టలూ గింజల డబ్బాలూ చెత్త అని పారేయొద్దు.

వచ్చే టీచరు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి ఆడిస్తే వెళ్లి గొడవ చెయ్యొద్దు.

ఈ వీధి పిల్లల్ని ఈ వీధి బడిలో చేర్చాలి.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి బడి గది తాళం తీసి ఉండాలి. పంతొమ్మిది మంది వస్తారు.