డార్జిలింగ్ డ్రైవరు చూడని సూర్యోదయం

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఓ గ్యారేజీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, మనిషికి మనిషి ఇవ్వగలిగిన గొప్ప కానుక నిద్రేనని నా గట్టి నమ్మకం. (పొద్దస్తమానం లారీల కింద దూరేవాడి వేదాంతం అంతకంటే పైకి పోదు.) గదిలో నాతోపాటు నెల్లూరు మామ, డార్జిలింగ్ నుంచి వచ్చిన డ్రైవరు పహాడ్ భాయ్ ఉండేవాళ్ళు. అతను తన ఊళ్ళో టూరిస్టులకు జీపు తోలేవాడు. కరోనాతో టూరిస్టులు రాక, జీపు అమ్మేసి గల్ఫ్‌కి వచ్చాడు. మా సావాసంతో తెలుగు కూడా పట్టుబడింది, కాస్త వంకరగా.

సెలవు రోజున బిర్యానీ తిని, మీ ఊళ్ళో చూడాల్సినవి చెప్పమని అతని చుట్టూ చేరేవాళ్ళం. జూ దగ్గర జీపుకి నీడ దొరుకుతుందట, బుల్లి రైలు మలుపులో బండి తిప్పడం కష్టమట. ఊరంతా అతనికి పార్కింగులుగానే తెలుసు. "మరి టైగర్ హిల్ మీద సూర్యోదయం? మంచుకొండ బంగారంలా మెరుస్తుందట కదా?" అన్నాను.

"అందరూ అదే చెప్తారన్నా. నేను చూసింది లేదు. వాళ్ళు పైకి పోతారు, నేను జీపులో పడుకుంటా."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అతనూ నవ్వి, "ఒక్కసారి చూడాల్సింది," అన్నాడు.

ఆ మాటకి మామ తన పాత కారు బయటికి తీశాడు. "మంచుకొండ లేకపోతే పోనీరా, రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ కొండుంది. ఆడ చూపిద్దాం." మా ఇద్దరికీ ఘాట్ రోడ్డంటే భయం కాబట్టి, చూడాల్సిన ఆసామే డ్రైవరయ్యాడు. తెల్లవారకముందే పైకి చేరాం. "మీరు నడవండి, కారు పెట్టి వస్తా," అన్నాడు. ఎంతకీ రాకపోతే వెనక్కి వెళ్ళి చూద్దుము కదా, సీటు వాల్చి, టోపీ మొహం మీదికి లాక్కుని గుర్రు పెడుతున్నాడు. తూర్పు ఎర్రబడుతోంది. మామ లేపబోతే నేనే చెయ్యి పట్టి ఆపాను. "పాపం, ఇంత దూరం తోలాడు మామా, పడుకోనీ." ఇద్దరమే వెళ్ళి చూశాం. కొండలు ఒకదాని వెనక ఒకటి రాగిరంగు తేలాయి.

అతను లేచేసరికి ఎండ చుర్రుమంటోంది. కాసేపు ఆకాశం వైపు చూశాడు. "అక్కడ ఎవరూ లేపరన్నా, వాళ్ళు టూరిస్టులు. మీరు లేపుతారనుకున్నా." కోపంగా అనలేదు. అన్నా బాగుండేది. మళ్ళీ వద్దామన్నాను. కొద్ది రోజులకే కంపెనీ అతన్ని ఫుజైరా క్వారీకి పంపింది, తర్వాత నంబరూ మారింది. తూర్పు తీరం కదా, అక్కడ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. చూశాడో, ఆ వేళకి డ్యూటీ దిగి పడుకున్నాడో.

అప్పటినుంచి నాకో జబ్బు పట్టుకుంది. కంపెనీ బస్సులో పక్కవాడు నిద్రపోతుంటే, కిటికీలో ఏది కనిపించినా లేపకుండా ఉండలేను. మొన్నొక కరీంనగర్ తమ్ముణ్ణి లేపాను. కళ్ళు నులుముకుని బయటికి చూశాడు. "ఒంటెనే గదనే. పండుకోనియ్యి," అని అటు తిరిగాడు. ఆ వయసులో నేనైతే వాడి పక్షమే.