కుడి చెంప మీది మంగు

2023లో, ఎండలు ఇంకా ముదరకముందు, పంజాగుట్టలో నేను పనిచేసే మందుల షాపు పై అంతస్తులో చర్మవ్యాధుల క్లినిక్ ఒకటి తెరిచారు. అప్పటికి ఫార్మసిస్టుగా నాకు పందొమ్మిదేళ్ల అనుభవం. అంతకుముందు నా కౌంటర్లో నడిచేవన్నీ బీపీ, షుగర్, గ్యాస్ మాత్రలే. క్లినిక్ వచ్చాక ఒక అల్మారా నిండా సీరమ్‌లూ సన్‌స్క్రీన్‌లూ చేరాయి. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు వాటి మీద చిన్నచూపే. గుండెనొప్పి మాత్రలు అందించే చేతులతో ఈ సోకుల సీసాలు అమ్మడమేంటని సణుక్కునేదాన్ని.

అమ్మాలి కాబట్టి నేర్చుకున్నాను. సీరమ్ అంటే క్రీముకన్నా పలచగా ఉండి, చర్మంలోకి తొందరగా ఇంకిపోయేది. విటమిన్ సి సీరమ్ నల్లమచ్చల్ని కొంత తగ్గిస్తుంది, ముఖానికి కాస్త కళ తెస్తుంది. అంతకుమించి మహిమలేమీ చెయ్యదు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల అమ్మాయిలు ఫోన్లో ఏదో వీడియో చూపించి, "ఇరవై పర్సెంట్‌ది ఇవ్వండి ఆంటీ" అంటారు. మొదటిసారి వాడేవాళ్లకి పది చాలు, ఇరవైతో ముఖం మండిపోతుందంటే వినరు. నిమ్మచెక్క రుద్దుకుని ఎర్రబడ్డ ముఖంతో వచ్చిన ఒక పిల్లని, "ముఖమా, రాగిచెంబా, అలా తోమడానికి?" అని అడిగేశాను. నా నోరు అంత మంచిది కాదని మా షాపులో అందరికీ తెలుసు.

ఆ ఫిబ్రవరిలో వచ్చింది రజిత. ఇది ఆమె అసలు పేరు కాదు. ఆమె ఒప్పుకున్నాకే ఈ సంగతి రాస్తున్నాను. ముప్పయ్యేళ్లుంటాయి. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో రిసెప్షనిస్టు. భర్త ఏసీ మెకానిక్, అత్తగారితో కలిసి మధురానగర్లో ఉంటారు. రెండు చెంపల మీదా అరచెయ్యంత మేర గోధుమరంగు మచ్చలు. డాక్టర్లు మెలాస్మా అంటారు, మనం మంగు అంటాం. పైన డాక్టరమ్మ పది పర్సెంట్ విటమిన్ సి సీరమ్, సన్‌స్క్రీన్ రాసిచ్చింది.

"మే నెలల మా ఆడబిడ్డ పెండ్లి ఉంది మేడం. గప్పటికల్ల పోవాలె," అంది.

"పోతుందని నేను చెప్పలేను. తగ్గుతుంది. ఎప్పుడొచ్చింది? కడుపుతో ఉన్నప్పుడా?"

"అవును."

"పిల్లలెంతమంది?"

మంగు చూస్తే ఆడవాళ్లెవరి నోటికైనా ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. "లేరు మేడం," అంది, సీసా మీది అక్షరాలు చదువుతున్నట్టు తలొంచుకుని. వెనక ముగ్గురు చీటీలు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆ మాట వినీ విననట్టు నా పాఠం మొదలుపెట్టేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మొదటి రెండు రోజులు దవడ కింద ఒక చుక్క రాసి చూడు, దురదా దద్దురూ లేకపోతేనే ముఖానికి. పొద్దున్నే ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వు. మూడు నాలుగు చుక్కలు వేళ్ల మీద వేసుకుని అద్దు, రుద్దకు. కొంచెంసేపు ఆగి, రెండు వేళ్ల పొడవున సన్‌స్క్రీన్ తీసి రాయి. అది లేకపోతే సీరమ్‌కి పెట్టిన డబ్బులు మూసీలో వేసినట్టే. సీసా బాత్రూంలో పెట్టకు, ఎండ తగలనివ్వకు, మూత బిగించు. లోపలిది టీ రంగుకి తిరిగిందంటే పారెయ్యి. దాచుకుంటే నిలవుండే సరుకు కాదిది. మళ్లీ వచ్చినప్పుడు సీసా వెంట తీసుకురా, రంగు చూస్తాను.

ఆరు వారాలకి సన్‌స్క్రీన్ అయిపోయిందని వచ్చింది. చెప్పినట్టే సీసా కూడా తెచ్చింది. ముఖం చూసి నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఎడమ చెంప మీద మంగు సగానికి సగం తేలిపోయింది. కుడి చెంప మీద మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. సీసాలో సగానికి పైనే మిగిలుంది.

"రోజూ రాస్తున్నావా?"

"ఒక్కరోజు సుత ఇడిసిపెట్టలే మేడం."

"మరి ఇంత మిగిలిందేం? చుక్కలు తక్కువ వేస్తున్నావా?"

"తక్కువనే పడుతుంది."

నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. లారీ డ్రైవర్లకి కిటికీ వైపు చెంపే ఎక్కువ నల్లబడుతుంది, అద్దంలోంచి కూడా ఎండ పనిచేస్తుందని ఎక్కడో చదివాను. "నువ్వు కూర్చునే చోట కుడిపక్కన కిటికీ ఉంటుంది, అవునా?" అన్నాను. "ఏమో మేడం, జూడలే," అంది. రోజంతా కూర్చునే చోట కిటికీ ఎటుందో తెలియదా అని విసుక్కున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పరదా కట్టించుకో, లేదా కుర్చీ తిప్పుకో అని చెప్పి పంపించాను. ఆమె నవ్వి తలూపి వెళ్లిపోయింది.

కానీ అది నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది. వారం తర్వాత హోల్‌సేల్ షాపు పని మీద అమీర్‌పేట వెళ్లాల్సొచ్చింది. మెట్రో దిగి, నోటీసులు పంచే వాళ్లను తప్పించుకుంటూ రజిత పనిచేసే సెంటర్ వెతుక్కుని మూడో అంతస్తు ఎక్కాను. వయసుకి మించిన ఉత్సాహం అది. సాయంత్రం నాలుగు గంటలు. రజిత బల్ల దగ్గర కూర్చుని ఎవరికో ఫీజు రసీదు రాస్తోంది. పక్కనే పెద్ద అద్దాల కిటికీ. ఎండ తిన్నగా వచ్చి ఆమె చెంప మీద పడుతోంది.

ఎడమ చెంప మీద.

ఎండ పడే చెంప తేటపడింది. నీడలో ఉన్న చెంప మీద మంగు కదలలేదు. నా తెలివంతా మూడో అంతస్తు మెట్ల మీదే మిగిలిపోయింది. నన్ను చూసి రజిత లేచి నిలబడింది. నేను కిటికీ వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూస్తుంటే ఆమెకి అర్థమైపోయింది.

"ఛాయ్ తాగుదాం పా మేడం," అంది.

కింద వీధి మలుపులో టీ కొట్టు పక్కన నిలబడ్డాం. చుట్టూ పుస్తకాల సంచీలతో పిల్లలు, జావా అనీ పైథాన్ అనీ అరుచుకుంటున్నారు. కప్పు చేతిలో పట్టుకుని ఆమె తాగకుండా చెప్పింది.

"కుడిపక్క నేను రాస్తలేను మేడం. మొదటి రెండు రోజులు రాసిన. తర్వాత బుద్ధి కాలే."

"ఎందుకమ్మా?"

"ఐదో నెలల వచ్చింది గీ కుడిపక్కది. గా వారమే లోపల కదిలింది. ఎడమపక్కది తర్వాత వచ్చింది. ఎనిమిదో నెలల పానం లేదన్నరు. ఆడపిల్లంట. నాకు చూపియ్యలే. చూస్తే మర్చిపోలేవని మా అత్త, మా ఆయన తీస్కపోయిండ్రు." కప్పు చెయ్యి మార్చుకుని మళ్లీ అంది. "కానుపు కాకముందు బట్టలు కొనొద్దంటరు గద మేడం. ఒక్క గౌను సుత కొనలే. ఒక ఫోటో లేదు. ఇంట్ల దానిది అంటూ ఏం లేదు. గిదొక్కటే ఉంది."

ఏ ఊరువాళ్లమైనా పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏమీ కొనం. దిష్టి తగులుతుందని భయం. ఆ భయం ఒక తల్లిని ఇలా ఖాళీ చేతులతో నిలబెడుతుందని నేనెన్నడూ అనుకోలేదు. చంకనెత్తుకోవాల్సిన పిల్లని ఆమె చెంప మీద మోస్తోంది. పందొమ్మిదేళ్లలో నాకు కౌంటర్ దగ్గర ఏడుపు రాలేదు. ఆ టీ కొట్టు దగ్గర వచ్చింది.

"మరి పోవాలని ఎందుకొచ్చావమ్మా?"

"మంగు చూస్తే పిల్లలెంతమంది అని అడుగుతరు. పెండ్లిల ఎంతమంది అడుగుతరో. ఏం చెప్పాలె మేడం? లేరంటే దాన్ని లేదన్నట్టే. ఉందంటే ఏది అంటరు. జర తక్కువ కనపడితే అడగరని వచ్చిన. ఇంట్ల మాత్రం పొద్దుగాల ముఖం కడుక్కొని అద్దంల చూస్తే అది ఉండాలె. ఉంటే మంచిగనిపిస్తది."

మొదటిరోజు ఆ ప్రశ్న అడిగినదాన్ని నేనేనని ఆమె గుర్తు చెయ్యలేదు. నేనే క్షమించమన్నాను. "మీరు తెల్వక అడిగిండ్రు గద," అంది.

అప్పుడు నాకు తెలిసిన పని నేను చేశాను. సీరమ్ పక్కన పెట్టమన్నాను. ఎడమ చెంపకి వాడాలనుంటే వాడుకో, లేకపోతే మానెయ్యి, మానేస్తే ప్రమాదమేం లేదన్నాను. మర్నాడు షాపుకి పిలిచి కన్సీలర్ ఒకటి చూపించాను. చర్మపు రంగులోనే ఉండి మచ్చని పైకి కనపడకుండా కప్పే క్రీము అది. ఆమె చేతి మీద రాసి, కడిగి, మళ్లీ రాసి చూపించాను. పెళ్లిలో అందరి ముందూ వేసుకో, ఇంటికొచ్చి కడిగేసుకో, కిందది ఎక్కడికీ పోదు అన్నాను. ఆ ఇరవై నిమిషాలూ ఆమె కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. తర్వాత అడిగింది:

"ఇది ఎన్ని రోజులుంటది మేడం?"

కన్సీలర్ సంగతనుకుని, పూటంతా ఉంటుందన్నాను. అది కాదంటూ చెంప మీద వేలు పెట్టుకుంది.

మచ్చ ఎన్ని రోజుల్లో పోతుందని అడగనివాళ్లు లేరు. ఎన్ని రోజులుంటుందని ఆశగా అడిగింది ఆమె ఒక్కతే. నాకు తెలిసింది చెప్పాలి. కానుపు తర్వాత మంగు కొందరికి నెలల్లోనే పోతుంది, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది, ఏమీ రాయకపోయినా మెల్లగా పలచబడొచ్చు, చెప్పలేనమ్మా అన్నాను. ఎండలో తిరిగితే ఉంటుందా అని అడిగింది. ఉంటుంది, కానీ చర్మం పాడవుతుంది, ఆ పని మాత్రం చెయ్యకు అన్నాను. సన్‌స్క్రీన్ రెండు చెంపలకీ రాస్తానని మాటిచ్చాకే పంపాను. ఆ మాట తీసుకోవడం నాకేమీ సంతోషంగా లేదు. సన్‌స్క్రీన్ వాడితే అది తొందరగా పలచబడుతుందని నాకు తెలుసు. ఆమెకీ చెప్పాను. "సరే మేడం," అంది కన్సీలర్ మూత బిగిస్తూ.

అప్పటినుంచీ నా పాఠం కాస్త మారింది. సీసా చేతికిచ్చేముందు, "దీన్ని ఎందుకు తగ్గించాలనుకుంటున్నావమ్మా?" అని అడిగి ఆగుతున్నాను. చాలామంది నవ్వుతారు. "అదేం ప్రశ్న ఆంటీ, అందంగా ఉండటానికి," అంటారు. సరేనంటాను. ఒక్కొక్కరు మాత్రం జవాబు చెప్పడానికి సమయం తీసుకుంటారు. వెనక ఎంతమంది నిలబడినా అప్పుడు నేను తొందరపెట్టను. పిల్లలెంతమందన్న మాట ఇక నా నోట రాలేదు.

రజిత ఇప్పటికీ సన్‌స్క్రీన్ కోసం మా షాపుకే వస్తుంది. ఈ ఏడాది వానలు మొదలయ్యాక వచ్చినప్పుడు షాపులో ఎవరూ లేరు. ట్యూబ్ సంచిలో వేసుకుని, వెళ్లకుండా నిలబడి, ముఖం కొంచెం ట్యూబ్‌లైటు వైపు ఎత్తింది.

"ఇంకా కనపడతదా మేడం? నాకు కొన్ని రోజులు కనపడతది, కొన్ని రోజులు కనపడదు."

మందుల విషయంలో నేను ఎవరికీ అబద్ధం చెప్పను. కళ్లద్దాలు పెట్టుకుని, కౌంటర్ దాటి అవతలికి వెళ్లి, ఆమె గడ్డం పట్టుకుని కుడి చెంప చూశాను. ఏమీ లేదనే అనిపించింది. కొంచెం పక్కకి తిప్పి మళ్లీ చూశాను. కంటి కింద ఎముక దగ్గర, టీ మరక ఉతికాక మిగిలినంత పలచగా ఉంది.

"తెలిసినవాళ్లకి కనిపిస్తుందమ్మా," అన్నాను.

"గంతే సాలు మేడం," అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.