కిటికీ అవతలి నవ్వు

దోస్తులారా, శుక్రవారం వచ్చే ఇల్లరికపు అల్లుడి సీరియల్ గుర్తుందా? దాని ముక్క ఒకటి నిన్న మన గ్రూపులో పెడితే ఎంతెంత మాటలన్నారు! కథ లేదట, వెనక నవ్వులు అరువు తెచ్చుకున్నవట. "ఈ చెత్తకు అసలు ఎవరైనా నవ్వారా?" అని ఒకరు అడిగారు.

నవ్వారు. నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇంట్లో తెర ముందు చెక్క షట్టర్లుండే టీవీ ఉండేది. పక్కింటి రాజవ్వ పెద్దమ్మ భర్త చనిపోతే, దినాలు అయ్యేదాకా పెట్టొద్దని అమ్మ ఆ షట్టర్లు మూసేసింది. శుక్రవారం పెద్దమ్మే మా కిటికీ దగ్గరికి వచ్చింది. మైల కాబట్టి లోపలికి రాలేదు.

"టీవీ పెట్టు బిడ్డా. మీ పెదనాయిన ఒక్క వారం ఇడువకుండ సూస్తుండె."

అమ్మ సౌండు బాగా తగ్గించి పెట్టింది. సీరియల్లో అల్లుడు మామ చెప్పులేసుకుని గుడికి పోయి, వట్టి కాళ్లతో తిరిగొచ్చాడు. మేం నవ్వు బిగబట్టుకుని తలలు వంచుకున్నాం. కిటికీ అవతల పెద్దమ్మ పకపకా నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లనిండా నీళ్లు. కిటికీ పక్కనే కూర్చున్న నాతో మెల్లగా అంది:

"నేను నవ్విన్నని ఎవ్వలకు జెప్పకు బిడ్డా."

ఇన్నేళ్లూ చెప్పలేదు. ఇవాళ ఒక సీరియల్ పరువు కోసం చెప్పేశాను, పెద్దమ్మా.