తిరిగొచ్చే కుక్కలూ, మా నాయనా

మా నాయనను హిందూపురంలో ఎవరూ దూదేకుల బుడన్‌సాబ్ అనలేదు. కుక్కల బుడన్‌సాబ్ అనే అన్నారు. నేను టీచరుగా చేరిన కొత్తలో, బోర్డు మీద రాయడానికి అటు తిరిగితే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు "భౌ" అనేవాడు. ఇటు తిరిగేసరికి నలభై మొహాలూ బుద్ధిగా పుస్తకాల్లో ఉండేవి. ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి సాయంత్రం నాయన మీద కుమ్మరించేదాన్ని. ఆయన శ్రద్ధగా విని, "నలభైమందిలో ఒకడేనా అరిచింది? మంచి బడేనమ్మా అది," అనేవాడు. అలాంటి మనిషితో పోట్లాడి ఏం లాభం?

ఆయన పని పరుపుల్లో, దిండ్లలో గడ్డకట్టిన దూదిని విప్పి, ఏకి, మెత్తగా చేసి మళ్ళీ కుట్టడం. తనకంటే పొడుగైన దూదేకే విల్లు భుజాన వేసుకుని వారంలో రెండు రోజులు హిందూపురంలో, రెండు రోజులు పెనుకొండలో, రెండు రోజులు ధర్మవరంలో తిరిగేవాడు. దూదేకితే దుమ్ము లేస్తుంది కాబట్టి ఏ ఇంట్లోనైనా ఆయనను పెరట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు. వీధి వైపు ముగ్గులతో కళకళలాడే ఇళ్ళ వెనక ఏముందో ఆ మూడు ఊళ్ళలో మా నాయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వెనక కుక్కలు ఉండేవి. పిల్లలు ముచ్చటపడితే తెచ్చినవి, పెరిగాక ముచ్చట తీరిపోయి కట్టేసినవి. నీళ్ళ చిప్ప ఎండిపోయి ఉంటుంది, తాడు మెడలోకి దిగి పుండై ఉంటుంది, ఇంట్లో అందరూ దాన్ని దాటుకుంటూ బట్టలారేయడానికి పోతుంటారు. నాకైతే అలాంటి ఇళ్ళవాళ్ళను నడివీధిలో నిలబెట్టి కడిగేయాలనిపించేది. నాయన ఒక్క మాట అనేవాడు కాదు. పని ముగించి, పరుపు కుట్టి, చేతులు దులుపుకుని, "ఈ కుక్క మీకేంటికి సామీ, నాకియ్యండి," అనేవాడు. చాలామంది పీడా పోయిందని ఇచ్చేసేవాళ్ళు.

మా అమ్మ షంషాద్‌బీ ఐదు పూటలా నమాజు చదివే మనిషి. కుక్క మా గడప దాటకూడదు, కుక్కను ముట్టుకున్న నాయన బట్టలు మార్చి కడుక్కోకుండా గడప దాటకూడదు. ఆమె పెట్టిన షరతులు ఈ రెండే. ఇంటి వెనక గోడ అవతల రేకుల కొట్టం కుక్కలది. రాత్రికి సంగటి కెలికేటప్పుడు మాత్రం అమ్మ ఎవరూ చెప్పకుండానే రెండు ముద్దలు ఎక్కువ తీసేది. నాయన పుండ్లకు కర్పూరం, వేపనూనె పెట్టి మాన్పి, కుక్క మనిషిని చూసి వణకడం మానేదాకా ఉంచుకుని, తర్వాత ఇంకో ఇంటికి ఇచ్చేవాడు. ఇళ్ళకు కొదవ లేదు. శనక్కాయ చేన్లకు కుక్క కావాలి, గొర్రెల మందకు కావాలి, ఇటుకబట్టీకి కావాలి.

చిక్కల్లా ఒక్కటే. ఇచ్చిన కుక్కల్లో సగం తిరిగొచ్చేవి. మా ఇంటికి కాదు, పాత ఇంటికి. ఏ పెరట్లో ఎండకు మాడి, తన్నులు తిన్నాయో ఆ పెరటికే పోయి తోక ఊపుతూ నిలబడేవి. దారి కనపడకుంటే తిరిగి రాలేవని అందరూ చెప్పే మాట నమ్మి, నాయన వాటిని కళ్ళకు గంత కట్టి, గోనెసంచి కప్పి తీసుకుపోయేవాడు. అయినా వచ్చేవి. అలా వచ్చిందని కబురు తెలిసిన రోజు ఆయనకు అన్నం దిగేది కాదు.

కరియ సంగతి 1978లో వచ్చింది.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళు పొద్దున్నే పడుగును, అంటే చీరకు నిలువుగా పోయే వేల పోగులను, వీధి పొడవునా చాచి, కింద కర్రలు నిలబెట్టి, తెగినవి అతుక్కుంటూ సరిచేసుకుంటారు. ఆ కాసేపు ఆ వీధిలో పిల్లలు కూడా పరుగెత్తరు. ఓబుళప్ప అనే నేతగాడి పెరట్లో మూడేళ్ళుగా మూరెడు తాడుకు కట్టేసిన నల్లకుక్క ఒకరోజు ఆ తాడు తెంపుకుని, సరిగ్గా ఆ వేళకే వీధిలోకి ఉరికింది. ఇంటిల్లిపాదీ వారాల తరబడి పడిన కష్టం, మూడు చీరల పడుగు, చిక్కుపడి మట్టిలో పడింది. ఓబుళప్ప రాక్షసుడని నేను చెప్పను. ఆ నష్టం చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. కానీ మూడేళ్ళు మూరెడు తాడుకు కట్టడం తప్పే, అది మాత్రం చెప్తాను.

ఆ రోజు నాయన పనికి పోయేసరికి కుక్కకు పెట్టి చంపడానికి మందు తెమ్మని మనిషిని పంపబోతున్నారు. నాయన విల్లు గోడకు ఆనించి అడగాల్సిందే అడిగాడు.

"తీస్కపో," అన్నాడు ఓబుళప్ప. "కానీ బుడన్‌సాబ్, ఇది మళ్ళా ఈ వీధిలో కాలు పెట్టిందంటే దానికి మందే. నీకూ ఈ వీధిలో పనుండదు. అందరి ముందరా చెప్తాండా."

ధర్మవరంలో నాయనకున్న పనంతా ఆ వీధిలోనే. అయినా సరేనన్నాడు. నేను ఇంట్లో ఎంత అరిచానో గోడవతల కుక్కలకు కూడా తెలుసు.

దానికి కరియ అని పేరు పెట్టి, మెడ మాన్పి, కళ్ళు కట్టి, రైల్లో గార్డు పెట్టెలో ఎక్కించి పెనుకొండలో ఇటుకబట్టీ కాసే కొండప్పకు ఇచ్చాడు. కొండప్ప మంచివాడు, కడుపునిండా పెట్టాడు. నాలుగో రోజు కరియ మాయమైంది. ఆరో రోజు నాయన ధర్మవరం పోతే, ఓబుళప్ప పెరటి వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"చూడప్పా నీ కుక్క! యాడ పెనుకొండ, యాడ ధర్మవరం! రైలుపట్టా వెంబడే వచ్చినట్టుండాది. మందు తెప్పించినా. ఈపొద్దు నువ్వొస్తావని ఆగినా, అంతే."

కరియ అరికాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి. బతిమాలడానికి నోరు తెరిచిన నాయన, దాన్ని చూసి ఆగిపోయాడట. కుక్క తన పాత గుంజ దగ్గర లేదు. వంటింటి గుమ్మం దగ్గరా లేదు. ఓబుళప్పను చూడలేదు, పిల్లలు పిలిస్తే చూడలేదు. బట్టలుతికే బండ పక్కన, ఎప్పుడో చిరిగిపోతే పారేసిన పాత పరుపు ముక్క మీద పడుకుని, ఆ కుళ్ళిన దూదిలోకి ముక్కు దూర్చేసి ఉంది. పిల్లగా తెచ్చిన నాటి నుంచి మూరెడు తాడుకు అందిన మెత్తని చోటు దానికి అదొక్కటే.

నాయన మోకాళ్ళ మీద కూర్చుని, అంత దూది పీకి తానూ వాసన చూశాడు. ముప్పై ఏళ్ళు దూది ఏకిన మనిషి. ఒక్కో ఇంటి పరుపుకు ఒక్కో వాసన ఉంటుందని ఎప్పుడూ చెప్పేవాడు. ఆముదం, వక్కాకు, చంటిపిల్లల తడి, పశువుల కొట్టం. కళ్ళు మూసుకుని చేతికిస్తే ఏ ఇంటి దూదో చెప్పేవాడు. ఆ సంగతి కుక్కకు తనకంటే బాగా తెలుస్తుందని మాత్రం ఇన్నేళ్ళూ తట్టలేదు.

"ఓబుళప్పా, ఇది నీకోసం రాలే," అన్నాడు.

"ఇంగెవరి కోసం వచ్చె?" ఓబుళప్పకు కొంచెం రోషం కూడా వచ్చిందట.

"ఈ దూది కోసం. ఇంగొక్క తడవ నాకియ్యి."

ఓబుళప్ప కుక్క అరికాళ్ళ వైపు చూశాడు. "ఇదే కడపటి మాట. మళ్ళా వస్తే నువ్వు అడగొద్దు, నేను ఆగను," అన్నాడు.

ఆ వారమే నాయన పెనుకొండ కొండ వెనక నల్లమ్మ అనే రైతు ఇంటికి పోయాడు. మొగుడు పోయాక మూడెకరాల శనక్కాయ ఆమే ఒంటి చేత్తో చేసేది. కాయ ఊరే కాలానికి అడవిపందులు దిగి చేను దున్నేస్తాయని, పంట పీకేదాకా చేన్లోనే గుడిసె వేసుకుని ఉండేది. నాయన ఆమె పరుపు విప్పి, కొత్త దూది కలిపి ఏకి ఇచ్చి, పాతదాంట్లో మిగిలిన దుమ్ముదూదిని మూటగట్టుకున్నాడు.

"ఆ చెత్త నీకేంటికబ్బా?" అంది నల్లమ్మ.

"నీ కుక్కకు."

"నాకు కుక్క లేదే?"

"వస్తాది," అన్నాడు నాయన. సంగతంతా చెప్పాడు. తిరిగిపోయే కుక్క అని కూడా దాచకుండా చెప్పాడు. నల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్విందట. "తీసుకురా, చూస్తాం. దూది వాసన చూసి ఇల్లు కనుక్కునే కుక్కను నేనూ చూడాల," అంది.

ఆ మూటను మా రేకుల కొట్టంలో పరిచాడు. మొదటి నాలుగు రోజులు కరియ దాని వైపే పోలేదు. వట్టి నేల మీద పడుకుంది. నేను, "అయిపోయిందా నాయనా నీ వైద్యం?" అని దెప్పాను. ఆయన సంగటి చిప్ప తీసుకెళ్ళి ఆ దూది మీదే పెట్టాడు. ఐదో రోజు తినేసి అక్కడే తల వాల్చింది. పదో రోజుకు కాళ్ళతో దూదిని గుంటలా చేసుకుని అందులో ముడుచుకుంది. అమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "కొత్త పెళ్ళికూతురికి అత్తగారింటి చీర కట్టినట్టుంది," అంది. నవ్వుతూనే అంది కానీ, ఆ పూట నమాజు తర్వాత అడిగే దువాలో కుక్క పేరు కూడా చేర్చిందని నా అనుమానం.

పదైదు రోజుల తర్వాత నాయన కరియను తీసుకుపోయాడు. ఈసారి కళ్ళకు గంత లేదు, సంచి లేదు.

"దారి చూస్తే ఎట్ల? తిరిగి రాదా?" అన్నాను.

"కళ్ళు కట్టినపుడు రాలేదా ఏం? దారి తెలిసీ రాకపోతేనే కదమ్మా అది దాని ఇల్లయ్యేది," అన్నాడు.

పెనుకొండ స్టేషన్ నుంచి చేని దాకా నడిపించుకుంటూ తీసుకుపోయాడు. నల్లమ్మ గుడిసె ముందు కరియ ఆమె చీర కుచ్చిళ్ళు వాసన చూసి, లోపలికి పోయి పరుపు వాసన చూసి, బయటికొచ్చి గుమ్మంలో పడుకుందట. నాయన ఆ సంగతి సంబరంగా చెప్పాడు. నేను మాత్రం కొండప్ప దగ్గర కూడా నాలుగు రోజులు ఉంది కదా అనుకున్నాను.

తర్వాత వారాలు మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. ధర్మవరం పోయిన ప్రతిసారీ నాయన ముందు ఓబుళప్ప పెరట్లో ఆ బండ పక్కన చూసి, తర్వాతే విల్లు దించేవాడు. ఒక వారం లేదు. రెండో వారం లేదు. మూడో వారమూ లేదు. నాలుగో వారానికి ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. రాకపోవడం సరే, బయలుదేరి దారిలోనే రైలు కింద పడి ఉంటే? ఆ మాట ఆయన పైకి అనలేదు. ప్లేటు ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోతే నేనే అడిగి చెప్పించాను. ఆ ఆదివారం, "పద, నేనూ వస్తా," అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. చెడ్డ వార్తయితే ఆయన ఒంటరిగా వినకూడదనిపించింది.

చేని గట్టు కనపడగానే నాయన నడక వేగం తగ్గింది. పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. ఇంతలో శనక్కాయ చేను మధ్యలోంచి నల్లగా ఏదో లేచింది. మొరుగుతూ, ఉరుకుతూ వచ్చి, నాయనను గుర్తుపట్టి ఆయన మీదికి ఎగబడింది. కరియే! ఒళ్ళు నిగనిగలాడుతోంది. మెడ మీద తాడు మచ్చ ఉన్నచోట వెంట్రుకలు మొలిచాయి. నాయన దాని తల రెండు చేతులతో పట్టుకుని, ఆ మచ్చను బొటనవేలితో తడిమి చూశాడు.

నల్లమ్మ చేని పొడుగునా తిప్పి చూపించింది. పక్క చేలన్నీ పందులు తవ్విన గుంటలే. ఆమె చేన్లో ఒక్క చెట్టు పెకలలేదు. "మూడు తడవలు వచ్చినాయి. మూడు తడవలూ ఇది తరిమి కొండెక్కిచ్చె," అంది. కొడుకు పరీక్ష పాసైతే చెప్పుకునే తల్లి మొహం అది. పచ్చి కాయలు ఉడకబెట్టి పెట్టింది. తిన్నంతసేపూ కరియ నాయన కాళ్ళ మీద గడ్డం ఆనించుకునే ఉంది. అది చూస్తే నాకు భయమేసింది. ఇంత ప్రేమ ఉన్నది వెంట రాకుండా ఉంటుందా? ఒక్కసారి రోడ్డెక్కిందంటే, పట్టా వెంబడి ధర్మవరం దారి దానికి కొత్త కాదు.

బయలుదేరాం. అనుకున్నట్టే కరియ వెంట పడింది. నల్లమ్మ పిలవబోతే నాయన వద్దని చెయ్యి ఊపాడు. "వెనక్కి చూడొద్దమ్మా," అన్నాడు నాతో. గట్టు వెంబడి నడుస్తున్నాం. వెనక గోళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. చేను ముగిసి బండ్లబాట తగిలే చోట ఆ చప్పుడు ఆగింది. నాయన పది అడుగులు వేశాడు, ఇరవై వేశాడు. ఇంక ఆగలేక ఇద్దరం ఒకేసారి తిరిగాం.

కరియ గట్టు చివర నిలబడి ఉంది. మా వైపు చూసింది. తోక రెండుసార్లు ఊపింది. తర్వాత అటు తిరిగి, ఎవరూ పిలవకుండానే, తొందరేమీ లేకుండా, నల్లమ్మ గుడిసె వైపు నడుచుకుంటూ పోయింది.

నాయన కళ్ళ వెంట నీళ్ళు, నోటి నిండా నవ్వు. బండ్లబాట మీద ఎద్దులబండి తోలుకొస్తున్న ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపేశాడు.

"చూస్తివా అప్పా! చూస్తివా! అది నా వెంట రాలే!"

ఆ మనిషి నాయనను చూసి, నన్ను చూసి, ఖాళీ గట్టును చూసి, "కుక్క మాట వినకుంటే ఏం చేస్తావులేప్పా," అని ఓదార్చాడు.

"ఓదార్చొద్దు!" అన్నాడు మా నాయన, బండి చక్రం పట్టుకుని ఊపేస్తూ. "ఇంత దినం పాత పెరటికి తిరిగిపోయినవాటినే చూస్తి. నన్ను వద్దని ఇంటికి పోయింది ఇదే!"