వాచీ ఒప్పుకోదు

మా తాత ఆనందయ్య సొంత బుద్ధితో బతకడం మానేసి ఏడాదయింది. ఇప్పుడు మణికట్టు మీది వాచీ ఎట్ల చెప్తే అట్ల. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అది చూపిస్తుంది, నడిచిన అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర చాల్లేదని గదమాయిస్తుంది. తాత నోట వచ్చేది ఒకటే మాట: "వాచీ ఒప్పుకోదు."

అవ్వ రెండో సంగటి ముద్ద వేయబోతే వాచీ ఒప్పుకోదు. కట్టెలు కొట్టమంటే అస్సలు ఒప్పుకోదు. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగం సాగుతుంటే, ఇంతసేపు కూర్చుంటే వాచీ ఒప్పుకోదని లేచిపోయి చర్చి చుట్టూ నడిచొచ్చాడు. మరుసటి వారం నుంచి ప్రసంగం పొట్టిదైంది. యాభై ఏళ్ల కాపురంలో తన మాట ఒక్కటీ విననోడు ఈ రబ్బరు ముక్క మాట వింటున్నాడని అవ్వ ఊరంతా చెప్పుకుంది.

ఓట్ల కోసం ఇంటికొచ్చిన మా పార్టీ నాయకుడి చేతికీ తాత వాచీ కట్టి చూశాడు.

"గెలుస్తామంటాండావు గానీ, నీ గుండె ఓడిపోయినట్ల కొట్టుకుంటాంది రెడ్డీ."

మా ఊరు ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ నడుమ. కిందవీధి మా పార్టీ, పైవీధి వాళ్ల పార్టీ. బాంబుల కాలం పోయినా, ఈ వీధి వాళ్లు ఆ వీధిలో కాలు పెట్టరు. తాత సాయంత్రం నడక మాత్రం పైవీధికే. అక్కడి కుర్రాళ్లు ఈడ పనేందని అడ్డుకుంటే, చెయ్యి చాపి వాచీ చూపించేవాడు. "అడుగులు చాల్లేదంట అప్పా. మా వీధి పొట్టిది." వాళ్లు నవ్వి వదిలేసేవాళ్లు.

ఎన్నికలు వారం ఉన్నాయనగా నాయకుడు తాతను పిలిపించాడు. ఇక్కడి మాటలు అక్కడికి మోస్తున్నాడని ఎవరో ఎక్కించారు. ఇంకోసారి పైవీధిలో కనబడితే తన గడప తొక్కొద్దన్నాడు. ప్రచారానికి బాడుగకు పెట్టుకున్న ఆటో నాదే కాబట్టి, తాతను కనిపెట్టుకోమని నాకు చెప్పాడు.

ఆ సాయంత్రమే తాత బయల్దేరాడు. నేను జెండా, మైకు ఉన్న ఆటోను పైవీధి మొగదల ఆపి తొంగిచూశాను.

తాత పీర్ సాహెబు ఇంటి అరుగు మీద ఉన్నాడు. ఒకప్పుడు కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో ఇద్దరూ ఒకే షిఫ్టు. పార్టీలు వేరయ్యాక పదేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడూ లేవు. తాత తన వాచీ పీర్ సాహెబు చేతికి కట్టి, నడుమ నిలబడ్డ ఆయన భార్య ఖమ్రున్నీసాతో మాట్లాడుతున్నాడు.

"మీ ఆయప్పకు చెప్పమ్మా, ఊరికే కూర్చున్నా గుండె నూటనలభై కొడతాంది. నిన్నటికంటే అధ్వాన్నం."

"ఎన్నికల వేడని చెప్పు," అన్నాడు పీర్ సాహెబు, ఆమెతోనే.

"ప్రొద్దుటూరులో గుండె డాక్టరు దగ్గరికి పోదామని చెప్పు."

"వాళ్ల జెండా ఉండే బండి నేనెక్కనని చెప్పు."

"ఇద్దరికీ చెవులుండాయి గదన్నా," అని ఖమ్రున్నీసా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పోయిన రంజాన్‌లో పీర్ సాహెబు మసీదు మెట్ల మీద కూలబడ్డాడు. ఆ వారమే తాత నాతో ప్రొద్దుటూరు నుంచి వాచీ తెప్పించుకున్నాడు. ఆ రెండు సంగతులూ నాకప్పుడు కలిశాయి.

తాత నన్ను చూశాడు. తిట్టలేదు. "బండి ఈడికి తే," అన్నాడు. పైవీధంతా చూస్తుండగా మా జెండా పీకి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకు కూడా దించాడు. వంకలు అయిపోయిన పీర్ సాహెబును, తాతను అడ్డుకున్న ఆ కుర్రాళ్లే చెయ్యిచ్చి ఎక్కించారు.

దారంతా నాయకుడి ఫోను మోగుతూనే ఉంది. నేను ఎత్తలేదు. మర్నాటికి నా బాడుగ పోయింది.

జమ్మలమడుగు దాటాక పీర్ సాహెబు తన చేతికున్న వాచీ చూసుకొని, తాత మొహంలోకి చూశాడు.

"ఇది తప్పు చూపిస్తాందిరా ఆనందా."

"నీకు మీటరు చదవడమే రాదు. దానికి వంక పెడతాండావా?"

అంతే. పదేళ్ల బాకీ తిట్లన్నీ ఆసుపత్రి గేటు దాకా నడిచాయి. ఖమ్రున్నీసా నడుమ కూర్చొని కళ్లు మూసుకుంది, నోటికి సెలవు దొరికినట్టు.

సమయానికి తెచ్చారని చెప్పి డాక్టరు మందులెక్కించాడు. ఆపకుండా వాదిస్తున్న తాతను నర్సు బయటికి పంపబోతే, పీర్ సాహెబు మంచం మీద నుంచే తాత చొక్కా పట్టుకున్నాడు.

"ఉండనీమ్మా. ఈన్ని తిట్టాల్సినవి ఇంకా శానా ఉండాయి."